పొగ రాని చలిమంట: ఫిల్మ్‌నగర్ పెరట్లో మంట, మన పొలానికి బొగ్గు

పై వీడియోలో మీరు చూసిన మంట మా పొలంలోది కాదు, ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇంటి పెరట్లోది. "తమ్ముడూ, ప్రకృతి వ్యవసాయం చెప్పే నువ్వు ఈ పెద్దింటోళ్ల చలిమంటల్లో ఎందుకు పడ్డావ్?" అని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

నాది శంకర్‌పల్లి దగ్గర చిన్న పొలం. అగ్రికల్చర్ డిప్లొమా అయ్యాక కొన్నాళ్లు మందుల షాపులో పనిచేసి, అది మనసుకు పట్టక ఇటు వచ్చాను. ప్రతి శనివారం జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్లకు కూరగాయల బుట్టలు వేస్తాను. డిసెంబరు వచ్చిందంటే ఆ ఇళ్లలో కూరగాయలతో పాటు ఇంకోటి అడుగుతారు: "కట్టెలు దొరుకుతాయా?" సినిమా వాళ్ల ఇళ్లే కాదు, ఆ చుట్టుపక్కల చాలా పెరళ్లలో, డాబాల మీద ఇప్పుడు ఫైర్ పిట్‌లు వచ్చేశాయి. మన గట్ల మీద సుబాబుల్ ఉంది, తుమ్మ ఉంది. నాలుగు రూపాయలు వస్తాయి కదా అని నేనూ మొదలుపెట్టాను.

నా తప్పు ఎక్కడ జరిగింది

రెండేళ్ల కింద నవంబరులో వాన పడ్డాక సుబాబుల్ కొట్టించి, నెల తిరక్కుండానే ఒక ఇంటికి రెండు క్వింటాళ్లు వేశాను. వాళ్ల పెరట్లో ఇటుకలు గుండ్రంగా పేర్చి కట్టిన మామూలు గుంట. ఆ రాత్రి మంట వేశారు, చుట్టాలు వచ్చారు, అంతా బాగానే జరిగింది అనుకున్నాను.

మరుసటి శనివారం ఆ ఇంటి కింది వైపు బస్తీలో ఉండే ఒక అక్క నన్ను ఆపింది. మిగిలిన కూరగాయలు తక్కువ ధరకు ఆమెకే ఇస్తుంటాను. "అన్నా, పోయిన వారం ఆ పైనింటికి కట్టెలు తెచ్చింది నువ్వేనా? రాత్రంత పొగ మా ఇంట్లకే వచ్చింది. మా చిన్నోడికి ఆయాసం ఎక్కువై పొద్దుగాల దవాఖానకు ఉరికినం" అన్నది. కోప్పడలేదు, అడిగింది అంతే. నాకు మాత్రం నోట మాట రాలేదు. విషం లేని కూరగాయలని చెప్పి అమ్ముతున్న వాడిని, విషం పొగ రూపంలో అమ్మినట్టయింది.

ఫిల్మ్‌నగర్ చూసినవాళ్లకు తెలుసు, అది చదును నేల కాదు, గుట్ట. పైన బంగళాలు, వాలులో చిన్న ఇళ్లు, ఇంకా కిందికి బస్తీ. చలికాలం రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. పైన వెచ్చని పొర మూత పెట్టినట్టు ఉంటుంది కాబట్టి పొగ పైకి పోదు. పైనింట్లో మంట కాచుకున్నవాళ్లకు వెచ్చదనం, కింద నిద్రపోయేవాళ్లకు పొగ. ఇది తెలిశాకే నేను "పొగ రాని మంట" గురించి చదవడం మొదలుపెట్టాను.

అసలు పొగ అంటే ఏంటి?

పొగ అంటే కాలకుండా పారిపోయిన కట్టె. దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువు.

కట్టె నేరుగా కాలదు. వేడి తగలగానే ముందు అందులోని నీళ్లు ఆవిరవుతాయి. తర్వాత సుమారు 200 నుంచి 300 డిగ్రీల మధ్య కట్టె విచ్చిపోయి వాయువులు, తారు ఆవిర్లు వదులుతుంది. మనకు కనిపించే మంట ఆ వాయువులు కాలడమే. అవి పూర్తిగా కాలాలంటే మూడు కావాలి: సుమారు 600 డిగ్రీలు దాటిన వేడి, సరిపడా గాలి, రెండూ కలిసే కాస్త సమయం. ఏ ఒక్కటి తగ్గినా ఆ వాయువులు చల్లబడి సన్నని తుంపర్లుగా, మసిగా మారతాయి. అదే పొగ.

ఇప్పుడు పచ్చి కట్టె సంగతి. అప్పుడే కొట్టిన కట్టెలో బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. అంటే పది కిలోల పచ్చి కట్టె మంటలో వేస్తే దాంతో పాటు ఐదు లీటర్ల నీళ్లు పోసినట్టే. ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా మంట వేడెక్కదు, వేడెక్కకపోతే వాయువులు కాలవు. నేను చేసింది సరిగ్గా ఇదే.

పొగ రాని ఫైర్ పిట్ ఎలా పనిచేస్తుంది

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఇది రెండు గోడల డబ్బా. బయటి గోడ అడుగున రంధ్రాలు ఉంటాయి. అక్కడ లోపలికి వచ్చిన గాలి రెండు దారులు పడుతుంది. కొంత అడుగు జాలీ నుంచి కట్టెలకు అందుతుంది. మిగతాది రెండు గోడల మధ్య సందులోంచి పైకి వెళ్తూ బాగా వేడెక్కి, లోపలి గోడ పై అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి మంట మీదికి చిమ్ముతుంది. కట్టె వదిలిన వాయువు తప్పించుకునే చోట సరిగ్గా వేడి గాలి ఎదురై, అది అక్కడే మళ్లీ అంటుకుంటుంది. సరిగ్గా పనిచేస్తుంటే ఆ పై రంధ్రాల దగ్గర గ్యాస్ స్టవ్ బర్నర్‌లాగా చిన్న చిన్న మంటలు వరుసగా కనిపిస్తాయి. వీడియోలో దగ్గరగా చూపించింది అదే.

ఈ రకాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది అమెరికాకు చెందిన సోలో స్టవ్ లాంటి కంపెనీలు. హైదరాబాద్‌లోనూ పొగ తక్కువ పొయ్యిల మీద, బయోచార్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ ఎన్. సాయి భాస్కర్ రెడ్డి గారి లాంటి వాళ్లు ఉన్నారు. అంటే మన దగ్గర తెలియని విద్య కాదు.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

1. సైజు. కంపెనీ పిట్‌లు 15, 19.5, 27 అంగుళాల వ్యాసంలో ఎక్కువ కనిపిస్తాయి. నలుగురైదుగురు కూర్చునే పెరటికి 19 అంగుళాల చుట్టూ ఉంటే సరిపోతుంది. పెద్దది కొంటే కట్టె కూడా పెద్దగానే తింటుంది.

2. లోహం. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అయితే వానకు తట్టుకుంటుంది. మామూలు ఇనుము మందంగా ఉంటే కొన్నేళ్లు వస్తుంది, తుప్పు పడుతుంది. గాల్వనైజ్డ్ రేకు మాత్రం అసలు వద్దు. దాని పూతలో ఉండే జింకు సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి.

3. బూడిద గిన్నె బయటికి తీసేలా ఉండాలి. బూడిద నిండి అడుగు జాలీ మూసుకుపోతే పొగ రాని పిట్ కూడా పొగ పిట్టే.

4. వేడి ఎటు పోతుంది? ఇది అమ్మేవాళ్లు చెప్పరు. రెండు గోడల పిట్‌లో వేడి ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోతుంది, పక్కన కూర్చున్నవాళ్ల కాళ్లకు తక్కువ తగులుతుంది. ఎత్తు తక్కువ ఉన్నది, లేదా మీద వేడిని పక్కకు మళ్లించే గొడుగు లాంటి మూత ఉన్నది తీసుకుంటే మంచిది.

5. కట్టె ఖర్చు. గాలి బాగా ఆడుతుంది కాబట్టి త్వరగా కాలిపోతుంది. మా అనుభవంలో ఒక సాయంత్రానికి పది, పన్నెండు కిలోలు అవుతోంది. ఇది పొదుపు సాధనం కాదు, పొగ తగ్గించే సాధనం మాత్రమే.

కొనకుండా చేయించుకోవచ్చు కూడా. నేను ఆ ఇంటికి వెల్డింగ్ షాపులో చేయించాను. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి బయటి గోడ, దానికన్నా రెండు అంగుళాల సందు మిగిలేలా చిన్న డ్రమ్ము లోపలి గోడ. లోపలి దానికి పై అంచు కింద రెండు అంగుళాల దగ్గర అంగుళానికో రంధ్రం చుట్టూతా, అడుగున జాలీ. బయటి దానికి అడుగు వైపు పెద్ద రంధ్రాలు. రెంటి మధ్య సందును పైన రేకు రింగుతో మూసేయాలి, లేకపోతే వేడి గాలి అటు నుంచి అటే పోతుంది. పురుగు మందుల డ్రమ్ములు, కెమికల్ డ్రమ్ములు వాడకండి. ఆయిల్ డ్రమ్ము అయితే ఖాళీగా ఉన్నా లోపల ఆవిరి ఉంటుంది, కోసేటప్పుడు పేలే ప్రమాదం ఉంది. శుభ్రం చేసిందే తెచ్చి, తెలిసిన వెల్డర్‌తోనే కోయించండి.

ఎక్కడ పెట్టాలి

జూబ్లీహిల్స్ ఇళ్లలో చాలామందికి పెరట్లో పెద్ద బండరాయి ఉంటుంది. "ఆ బండ మీద పెడితే ఫోటోలకు బాగుంటుంది" అంటారు. వద్దని చెప్పండి. మన దక్కన్‌లో పూర్వం రాయి కొట్టేవాళ్లు మంట పెట్టే గ్రానైటు పొరలు లేపేవాళ్లు. వేడికి రాయి పొర లేస్తుంది, లోపల తేమ ఉంటే ముక్కలు ఎగిరి కళ్లకు తగలొచ్చు. పైగా ఆ బండలు కోట్ల ఏళ్లవి, వాటిని కాపాడుకోవడానికే 1996లో హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం పుట్టింది.

డాబా మీద అయితే స్లాబు మీద నేరుగా పెట్టకూడదు. కాంక్రీటు కూడా వేడికి పెచ్చులు లేస్తుంది, వాటర్ ప్రూఫింగ్ పాడవుతుంది. ఇసుక పరిచి, దాని మీద ఇటుకలు పేర్చి, ఆ పైన పిట్ పెట్టాలి. చుట్టూ పది అడుగులు ఖాళీ ఉండాలి, పైన కొమ్మలు, వైర్లు, షామియానా గుడ్డ ఉండకూడదు. గ్యారేజీలో, మూసిన షెడ్డులో పొరపాటున కూడా వద్దు. పొగ కనపడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. కేబీఆర్ పార్కు అంచున ఉన్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట: మార్చి తర్వాత అక్కడంతా ఎండుటాకే. ఒక్క నిప్పురవ్వ చాలు. ఎండాకాలంలో మంట మానుకోండి.

కట్టె ఎలా ఉండాలి

మనం రైతులం కాబట్టి ఈ భాగం మన చేతిలో ఉంది. తేమ 20 శాతం కన్నా తక్కువ ఉండాలి. మీటరు లేకపోయినా తెలుసుకోవచ్చు:

- రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే టంగుమని మోగాలి. దబ్బుమంటే పచ్చిది.
- చివర్లలో చీలికలు కనపడాలి, బెరడు చేత్తో ఊడాలి.
- అన్నింటికన్నా మంచిది తూకం. ఒక కట్టె మీద గుర్తు పెట్టి వారానికోసారి కూరగాయల కాటా మీద తూయండి. రెండు మూడు వారాలు బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టే.

చీల్చిన కట్టె నిండు దుంగ కన్నా చాలా త్వరగా ఎండుతుంది. నేను ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో కొట్టించి, మణికట్టు మందాన చీల్పించి, నేలకు తగలకుండా పైన మాత్రమే రేకు కప్పి పేరుస్తున్నాను. డిసెంబరుకే అమ్మకం. తుమ్మ, సరుగుడు, సుబాబుల్, మామిడి కొమ్మలు, కొబ్బరి చిప్పలు బాగా కాలతాయి. గన్నేరు మాత్రం ముట్టుకోవద్దు, దాని పొగ కూడా విషమే.

ఫిల్మ్‌నగర్‌లో ప్రత్యేకంగా చెప్పాల్సింది సెట్టింగుల చెక్క. షూటింగ్ అయ్యాక విప్పేసిన ప్లైవుడ్, రంగులేసిన రీపర్లు చవకగా, ఒక్కోసారి ఊరికే దొరుకుతాయి. రాత్రి గేటు దగ్గర వాచ్‌మన్లు చలి కాచుకునేది ఎక్కువగా వాటితోనే. ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, అది ఫార్మాల్డిహైడ్‌తో చేసింది. పైన పెయింటు, మధ్యలో థర్మాకోల్ ముక్కలు. ఎంత మంచి పిట్ అయినా వీటిని శుభ్రంగా కాల్చలేదు. మీరు కట్టెలు వేసే ఇంటికి ఒక మోపు ఎక్కువ వేసి "ఇది వాచ్‌మన్ అన్నకు" అని చెప్పండి. నేను అలాగే చేస్తున్నాను.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్త, ఎండుటాకులు బహిరంగంగా కాల్చకూడదని చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్, చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు కట్టించాలని ఆదేశించింది. ఫైర్ పిట్ కొన్నంత మాత్రాన అది చెత్త కుండీ అయిపోదు. ఆకులు అందులో వేయకండి, మనకివ్వమనండి. అవి ఆచ్ఛాదనకు బంగారం.

వెలిగించే పద్ధతి

మనకు అలవాటు కింద పుల్లలు పెట్టి అంటించి, మీద లావు కట్టెలు వేయడం. ఇక్కడ తలకిందులుగా చేయాలి. అడుగున లావువి, మీద సన్నవి, అన్నింటి పైన పుల్లలు, కొబ్బరి పీచు, నాలుగు కర్పూరం బిళ్లలు. పైనుంచి అంటించాలి. మంట కిందికి దిగుతూ ఉంటే, కింది కట్టె వదిలే వాయువు ఆ మంటలోంచే పోవాలి కాబట్టి అక్కడే కాలిపోతుంది. కిరోసిన్, డీజిల్ వద్దు.

కట్టెలు పై రంధ్రాల వరుస దాటి పైకి రాకూడదు. దాటితే వాటి పొగకు వేడి గాలి అందదు. మొదటి పది పదిహేను నిమిషాలు గోడలు వేడెక్కేదాకా కాస్త పొగ ఉంటుంది, అది మామూలే. తర్వాత ఒకేసారి గుప్పించకుండా ఒకటి రెండు కట్టెలు వేస్తూ ఉండాలి. భోగికి పిడకల దండ వేయాలనుకుంటే మంట బాగా రాజుకున్నాక వేయండి, బాగా ఎండినవే వేయండి. ఆచారమూ జరుగుతుంది, పొగా తగ్గుతుంది. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు భోగి కాదు.

మరి మన పొలానికి ఏంటి లాభం?

ఫైర్ పిట్‌కు అడుగు నుంచి గాలి అందుతుంది కాబట్టి చివరికి బొగ్గు కూడా కాలి బూడిదే మిగులుతుంది. మనకు కావాల్సింది బొగ్గు. అందుకే పొలంలో అదే సూత్రాన్ని తిరగేసి వాడతాం: అడుగున రంధ్రం లేని గరాటు ఆకారపు గుంట. 2014లో స్విట్జర్లాండ్‌లోని ఇథాకా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కాన్-టికి అనే పేరుతో ఇలాంటి లోహపు బట్టీ తయారుచేశారు. మనకు లోహం అక్కర్లేదు, మట్టి గుంట చాలు. నేను పైన ఐదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, కిందికి సన్నబడేలా తవ్వాను.

గుంటలో చిన్న మంట పైనుంచి అంటించి, పల్చగా కట్టె పేరుస్తూ పోవాలి. పై పొర మీద తెల్లని బూడిద పూత కనపడగానే తర్వాతి పొర వేయాలి. పైన ఉన్న మంట ఆక్సిజన్‌ను వాడేసుకుని మూతలా పనిచేస్తుంది, కింద బొగ్గుకు గాలి అందదు కాబట్టి అది కాలిపోదు. పాత బొగ్గు బట్టీలు రోజుల తరబడి పొగలు కక్కుతాయి, ఇక్కడ ఆ పొగే మంట అవుతుంది. గుంట నిండాక నీళ్లతో పూర్తిగా ఆర్పాలి. పైపైన చల్లితే లోపల నిప్పు ఉండిపోయి తెల్లారేసరికి బూడిద మిగులుతుంది. ఎండు కట్టె బరువులో సుమారు ఐదో వంతు బొగ్గు వస్తుంది.

ఏం కాల్చాలి అన్నది ముఖ్యం. ఆకు, గడ్డి, మెత్తని కొమ్మ నేల మీదే కప్పాలి. త్వరగా కుళ్లని కందికట్టె, పత్తికట్టె మాత్రమే గుంటకు. పత్తికట్టెలో మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంటకు ఎక్కుతుంది కాబట్టి దాన్ని పొలంలో నిల్వ పెట్టకపోవడమే మేలు.

బొగ్గును నేరుగా పొలంలో వేయకండి. దాని నిండా సన్నని రంధ్రాలు ఉంటాయి, ఖాళీగా వేస్తే నేలలోని నత్రజనిని అదే పట్టుకుంటుంది. మొదటి ఏడాది బీరపాదులకు అలా వేసి ఆకులు పసుపెక్కించుకున్నాను. ఇప్పుడు నలగ్గొట్టి, జీవామృతంలో తడిపి, ఘన జీవామృతంతో కలిపి నీడలో రెండు వారాలు ఉంచి, పాదుకు రెండు దోసిళ్ల చొప్పున వేస్తున్నాను.

ఫైర్ పిట్ బూడిద కూడా పనికొస్తుంది, అందులో పొటాష్, సున్నం ఉంటాయి. కానీ క్షారం ఎక్కువ. జీవామృతంలో కలపకండి, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. ఎర్ర నేలలో పల్చగా చల్లొచ్చు, చౌడు ఉన్న నల్లరేగడిలో వద్దు. ప్లైవుడ్ కాల్చిన బూడిద ఏ నేలకూ వద్దు.

చివరిగా

పొగ రాని పిట్ అంటే పొగ సున్నా అని కాదు. కంటికి కనపడని సన్నని ధూళి కొంత ఉంటుంది. ఆ ధూళికి, పీఎం 2.5కు, మన దేశంలో రోజు సగటు పరిమితి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. చలికాలం నగరంలో గాలి ముందే బరువుగా ఉంటుంది. అందుకే వారంలో ఒక రోజు, రెండు గంటలు చాలని నా కస్టమర్లకు చెబుతున్నాను. కొందరు నవ్వుతారు, కొందరు వింటారు.

ఈ భోగికి ఆ ఇంట్లో కొత్త పిట్ అంటించి, మంట అందుకున్నాక నేను కిందికి దిగి ఆ అక్క ఇంటి ముందు నిలబడ్డాను. మొదట కాస్త వాసన వచ్చింది. పావుగంట తర్వాత రాలేదు. పిల్లవాడు బయటే ఆడుకుంటున్నాడు. "ఇయ్యాల మంట పెట్టలేదా అన్నా?" అని అడిగింది అక్క. పెట్టారని చెప్పాను.

మీరు కట్టె అమ్మినా, మంట వేసినా, ఒక్కసారి పల్లంలో ఎవరున్నారో దిగి చూసి రండి. మట్టి గుంటలో బొగ్గు చేసే వీడియో వచ్చే వారం పెడతాను. మీ దగ్గర ఏ కట్టెతో బొగ్గు బాగా వచ్చిందో కింద రాయండి, అందరికీ పనికొస్తుంది. ఉంటాను మరి.